అత్త ఒలిచిన ఆరు మూటలు

పుదుచ్చేరి చూసి వచ్చినవాళ్ళు సముద్రం గురించి చెబుతారు, తెల్లవాళ్ళ వీధుల గురించి చెబుతారు, అక్కడ చవకగా దొరికే సారా గురించి గొంతు తగ్గించి చెబుతారు. నేను వీటిలో దేనికోసమూ పోలేదు. వేరుశనగ కోసం పోయాను.

మాది కావలికి తూర్పున ఇసుకనేల ఊరు. వరుసగా రెండేళ్ళు జొన్న ఎండిపోయేసరికి, ఈసారి ఊరంతా వేరుశనగ వేద్దామన్న మాట లేచింది. పుదుచ్చేరి రేవు నుంచి ఆ గింజలు ఓడలెక్కి ఫ్రాన్సు దేశం పోతాయనీ, అక్కడ వాటి నూనెతో సబ్బులు చేస్తారనీ, లోకంలో మురికి ఉన్నంతకాలం సబ్బుకు గిరాకీ ఉంటుంది గనుక ఈ పంటకు నష్టం లేదనీ మా మునసబు తేల్చాడు. నిజమో కాదో చూసి రమ్మని నన్ను పంపారు. నాకు నాలుగక్షరాలు వచ్చు. అడిగినా అడగకపోయినా సలహా చెప్పే గుణమూ ఉంది. పైగా మా అమ్మకు తమ్ముడి వరుస అయిన రంగసామి నాయుడు అక్కడే వేరుశనగ పండిస్తున్నాడు. ఇంతకంటే యోగ్యుడు ఎవడు దొరుకుతాడు?

రైల్లో

మద్రాసులో బండి మారి, విల్లుపురంలో మళ్ళీ మారి, పుదుచ్చేరి బండిలో కూర్చునేసరికి రెండో రోజు పొద్దెక్కింది. ఎదుటి బల్ల మీద ఒక ముసలాయన కాళ్ళు పైకి పెట్టుకుని వక్క నములుతున్నాడు. నేను కూలివాడితో జగడమాడటం విని తెలుగువాణ్ణని పోల్చుకున్నాడు.

"యాడికప్పా?"

వాళ్ళది తాతముత్తాతల నుంచి బాహూరు పక్క సేద్యమట. నేను వచ్చిన పని చెప్పాను.

"మల్లాట్ట చూడను వొచ్చినావా?" అని నవ్వాడు. అక్కడ వేరుశనగను మల్లాట్ట అంటారు. "బాగుండాది పో. మేమేమో వేరే పైరు యాడన్నా ఉందా అని వెతకతా ఉండాము. నువ్వు దీన్ని వెతుక్కుంటా వొస్తివే!"

"మీకు పండలేదా ఏంది?"

"పండింది. పురుగు తినింది పోను, వాన తినింది పోను, తరగరి తినింది పోను, మిగిలింది నేను తినినాను." తరగరి అంటే మన దళారి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సేద్యం చేతకాని ముసలాయన పంటను తిడుతున్నాడనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గాని, ఎరువు సంగతీ, దుక్కి సంగతీ ఒక గంట సేపు ఆయనకు బోధించాను. ఆయన మర్యాదస్తుడు, కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడని తరవాత తెలిసింది.

ఫ్రెంచివాళ్ళ సరిహద్దు దగ్గర బండి ఆపి సామాన్లు వెతికారు. ఎర్ర టోపీ పెట్టుకున్న జవాను ఒకడు నా గోంగూర పచ్చడి జాడీకి కట్టిన గుడ్డ విప్పి, అందులో ఏదో దాచానని వేలు పెట్టి కెలికాడు. ఆ వేలు నోట్లో పెట్టుకుని చూసి, కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. మళ్ళీ గుడ్డ కట్టేలోపే బండి కదిలి సగం నూనె నా పంచె మీద పడింది. చుట్టాలింటికి ఆ పంచెతోనే వెళ్ళాను.

ముదలియారుపేట

మామ ఇల్లు పట్నానికి దక్షిణాన ముదలియారుపేటలో ఉంది. పొలం మాత్రం కడలూరు బాటలో కిరుమాంబాక్కం దగ్గర. కౌలుకు చేస్తున్నాడు. పంట పీకి ఎండబెట్టి, కాయను బండ్ల మీద ఇంటికి తోలి, పెరట్లో ఒలిపించి, గింజను రేవుకు చేరుస్తాడు. ఇంటి వెనకే నూలు మిల్లు ఉంది. పొద్దున దాని కూత మొదలైతే గోడ మీద కాకులు లేచిపోతాయి.

మామ పొడుగాటి మనిషి. పది మాటలకు ఒక మాట జవాబు చెబుతాడు. ఆయన భార్య ఆదెమ్మత్త పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. నా పంచె చూడగానే "ఏంది నాయనా, చక్కులో పడి వొచ్చినావా?" అని నవ్వింది. చక్కు అంటే గానుగ. వాళ్ళ తెలుగులో సగం అరవం. అయినా నాకు రెండో పూటకే అలవాటైంది. ఆ రోజు వాళ్ళు పెట్టిన సాంబారు మాత్రం అలవాటు కాలేదు. మా పులుసులో బెల్లం ఉంటుంది, వాళ్ళ దాంట్లో బెల్లం అడిగితే నవ్వుతారు. పొద్దున బజారులో అర్ధణాకు నాలుగు ఇడ్డెన్లు ఇచ్చారు, కావలిలో మూడే ఇస్తారు. తెల్లవాళ్ళ మోస్తరు కాల్చిన రొట్టె కూడా ఒకటి కొన్నాను. పైన పెచ్చు, లోపల దూది. అత్త దాన్ని రసంలో ముంచి పెట్టాక గాని గొంతు దిగలేదు.

పెరట్లో మనిషెత్తు కాయల కుప్ప. వసారాలో గోడకు ఆనించి, మూతి కుట్టిన ఆరు మూటలు. ఆ మూటల దగ్గర అత్త నన్ను నిలబెట్టింది.

"ఇది నా చేతి పప్పు, అల్లుడా. ఒక చుక్క నీళ్ళు తగల్లా."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కాయను ఉన్నదున్నట్టు కర్రతో కొడితే గింజ పగిలిపోతుంది. అందుకని అక్కడ అందరూ కుప్ప మీద నీళ్ళు చల్లి, గోనెలు కప్పి, తొక్క మెత్తబడ్డాక కొడతారు. తొందరగా పని అవుతుంది, గింజ నిండుగా వస్తుంది, నాలుగు వీశెలు బరువూ పెరుగుతుంది. కానీ ఆ తడి గింజ ఓడ అడుగున నెలరోజులు మగ్గి, బూజు పట్టి, కంపుకొడుతూ దిగుతుందట. ఈ ఏడు గింజ కొనే కంపెనీకి కొత్త దొర వచ్చి, తడిపిన గింజ వద్దనీ, పొడిగా ఒలిచిన దానికే మంచి ధర ఇస్తాననీ చాటించాడు. అత్త నమ్మింది. ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పక్కన పెట్టుకుని నెల రోజులు ఒక్కొక్క కాయా చేత్తో నొక్కి ఒలిచింది. రెండు బొటనవేళ్ళకూ గుడ్డ పేలికలు చుట్టుకుని ఉంది.

"ఈ ఆరు మూటలూ కౌలుకు. వచ్చే ఏడు పొలం మన చేతిలో ఉండాలంటే ఇవి కప్పలెక్కాల," అంది. కప్పలంటే ఓడ. "మిగిలిన దాంతో ఏం వొచ్చినా సరే."

కిరుమాంబాక్కం

మర్నాడు మామ నన్ను పొలానికి తీసుకుపోయాడు. ఎడ్లబండిలో పోతుంటే దారి పొడుగునా పీకేసిన చేలే. వేరుశనగ పీకిన నేల చూస్తే మా ఊరి ఇసుకే గుర్తొచ్చి నాకు ఉత్సాహం పుట్టింది. ఆయనకు పుట్టలేదు.

గట్టు మీద కూర్చుని, చేతిలోకి మట్టి తీసుకుని, ఒకటొకటిగా చెప్పాడు. విత్తనం పడ్డాక నెల రోజులు చినుకు లేదు. ఎండకు సురులు పురుగు వచ్చింది. అది ఆకును చుట్ట చుట్టుకుని లోపల కూర్చుని తింటుంది. పైన బూడిద చల్లితే దానికి తగలదు, చేత్తో ఏరితే ఆకే ఊడి వస్తుంది. చేను కాలినట్టు ఎర్రబడిపోయింది. పెద్ద వాన ఒక్కటి పడితే పురుగు కొట్టుకుపోతుంది. ఊరంతా పొలిమేర అమ్మవారికి పొంగలి పెట్టారు.

"వాన వొచ్చిందా?"

"వొచ్చింది. పురుగు పోయినాక వొచ్చింది. కాయ పీకి ఆరబోసినాక వొచ్చింది. తొమ్మిది దినాలు."

ఆ తొమ్మిది రోజుల్లో మూడోవంతు కాయ కుప్పలోనే మొలకెత్తింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసునని నేనేదో అనబోయాను. ఆయన వినిపించుకోలేదు. కొబ్బరి తోట అవతల ఒక మేడ చూపించి, అది భూమి ఆసామిదనీ, ఈ మాసం లోపల కౌలు కట్టకపోతే వేరేవాడు కాచుకుని ఉన్నాడనీ చెప్పాడు.

"కట్టలేకపోతే?"

"మిల్లు ఉందిగా," అన్నాడు. "మా వీధిలో సగం మంది ఆడనే ఉండారు. పురుగు లేదు, వాన లేదు. కూత కూస్తే పోవాల, కూస్తే రావాల."

ఆయన తండ్రీ తాతా ఆ పొలమే కౌలుకు చేశారు. నాకు దుఃఖం వచ్చింది. ఆ దుఃఖం ఏం చేయాలో తెలియక, ఆముదపు పిండి ఎరువు వేస్తే పురుగు రాదని చెప్పాను.

నీళ్ళు

ఇంటికి వచ్చేసరికి తరగరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఓడ అనుకున్నదానికంటే ముందే పోతుందట. ఇంకో నాలుగు రోజుల్లో సరుకు రేవు కిడంగుకు చేరాలి. కిడంగంటే సరుకు దించే కొట్టు. ఆ తరవాత ఓడ ఎప్పుడో చెప్పలేనన్నాడు. పెరట్లో మనిషెత్తు కుప్ప అట్లాగే ఉంది. చేత్తో ఒలిస్తే రెండు నెలలు పడుతుంది.

"నీళ్ళు కొట్టు, నాయుడూ," అన్నాడు తరగరి. "అందురూ కొడతా ఉండారు. రెండెండలు తగిలిస్తే ఆరిపోయె. దొర వొచ్చి ఒక్కొక్క గింజా నాకి చూస్తాడా?"

మామ అత్త వంక చూశాడు. "నా మూటల జోలికి రావద్దు, కుప్ప మీ ఇష్టం," అని అత్త లోపలికి పోయింది.

నీళ్ళు కొట్టారు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు గనుక నేనూ బావి నుంచి ఎనిమిది కుండలు తోడి పోశాను. మర్నాడు పొద్దుటి నుంచి పదిమంది కూలివాళ్ళు కర్రలతో కొట్టారు. పొద్దువాలేసరికి పద్నాలుగు మూటల గింజ తయారైంది. నీళ్ళు తాగి ఎర్రగా, బొద్దుగా, చూడముచ్చటగా ఉంది. దాన్ని చాపల మీద పరిచి ఎండ కోసం చూశాం.

మాఘమాసంలో ఆ దేశంలో మబ్బు పట్టదట. ఆ ఏడు పట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. చినుకులు కూడా నాలుగు రాలాయి. చాపలు లోపలికి లాగడం, బయటికి లాగడం, ఇదే పని. మూడో రోజు మధ్యాహ్నానికీ గింజ చేతికి చల్లగానే తగిలింది. సాయంత్రానికి బండ్లు కట్టాలి.

చేపలు

ఇక్కడి సంగతి రాయకుండా దాటేయాలని నాలుగుసార్లు కాగితం పక్కన పెట్టాను.

ఆ పూట నేను అత్తతో, సముద్రం ఒడ్డుకు వచ్చి చేప తినకుండా పోతే మా ఊళ్ళో నవ్వుతారన్నాను. చుట్టం నోరు తెరిచి అడిగాడు. మంచి చేప కావాలంటే పట్నం దాటి ఉత్తరాన సోలై నగర్ పల్లెకారుల దగ్గరికి పోవాలి. అత్త బుట్ట తీసుకుని నడిచి పోయింది.

మామ చాపల ముందు గొంతుక్కూర్చుని, గింజను గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ ఉన్నాడు. ఆ ముఖం చూడలేకపోయాను. అప్పుడు నా తెలివి పనిచేసింది. మా దేశంలో వడ్లు కాస్త పచ్చిగా ఉంటే, నిరుటి పొడి వడ్లు కలిపి పోస్తాం. పొడిది తడిని పీల్చుకుని రెండూ సమానమవుతాయి. షావుకారు చెయ్యి పెట్టినా తెలియదు. మా ఊళ్ళో ఆ పని నా అంత ఒడుపుగా చేసేవాడు లేడు.

"మామా, ఆ ఆరు మూటలూ ఇందులో కలిపెయ్. ఇరవై మూటలూ పొడివే అవుతాయి, అన్నిటికీ మంచి ధర పలుకుతుంది," అన్నాను.

"ఆమెకు చెప్పల్ల," అన్నాడు.

"అత్త వచ్చేసరికి బండ్లు వచ్చేస్తాయి. ఆలస్యం అమృతం విషం."

ఆయన గుప్పిట్లోని గింజను చాప మీదికి వదిలేశాడు. తరవాత లేచి వసారాలోకి పోయి, మొదటి మూట మూతి కత్తితో కోశాడు. మిగిలిన ఐదూ నేను కోశాను.

అత్త వచ్చేసరికి ఇరవై మూటలూ మళ్ళీ కుట్టి బండ్లకు ఎక్కిస్తున్నాం. ఖాళీ గోడ చూసింది. పెరట్లో కూర్చుని చేపలు తోమింది, పులుసు చేసింది, నాకు రెండుసార్లు వడ్డించింది. పులుసు బాగుంది. నేను బాగుందని కూడా చెప్పాను.

కిడంగు

రేవు దగ్గర సముద్రంలోకి ఇనప వంతెన ఒకటి కట్టారు. ఓడ దూరంగా నిలబడుతుంది. వంతెన చివర నుంచి మూటలు పడవల్లోకి, పడవల నుంచి ఓడలోకి పోతాయి. మేము పోయిన రోజు అలలు పెద్దవిగా ఉండి పడవలు కదల్లేదు. కిడంగు వాకిట్లో బండ్ల వరుస పెరిగిపోయింది. మూటలు దించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, గోనెలు కప్పి, వాటి పక్కనే రెండు రోజులు కూర్చున్నాం. నేను తెల్లవాళ్ళ వీధుల్లో తిరిగి వచ్చాను. కాలవకు ఇవతల నల్లవాళ్ళ ఊరు, అవతల తెల్లవాళ్ళ ఊరు. అవతల వీధులు తుడిచినట్టు ఉన్నాయి, మనుషులే లేరు. సోడా ఒకటి తాగి ఇవతలికి వచ్చేశాను.

మూడో రోజు మా వంతు వచ్చింది. మచ్చు చూసే గుమాస్తా నడివయసు మనిషి, జేబులో కళ్ళద్దాలు. ఇనప గొట్టం పొడిచి గింజ తీయకముందే, గోనె కింద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. మామ చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాడు.

"జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్ళులాగ ఉంది, చూసుకో," అన్నాడు అరవంలో.

నేనూ చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. గొట్టంతో తీసిన గింజకు ముక్కిన వాసన వచ్చింది. ఒక మూట కాదు, ఇరవై మూటలూ అంతే. మూటలో కుక్కిన తడి గింజ మగ్గుతుందని, పక్కనున్న పొడి గింజకు కూడా ఆ వేడి పాకుతుందని, వడ్లకు చెల్లిన ఉపాయం నూనెగింజకు చెల్లదని నాకు అప్పుడు తెలిసింది.

మామ, ఇందులో ఆరు మూటలు పొడిగా ఒలిచినవని చెప్పాడు. ఏవో చూపించమన్నాడు గుమాస్తా. మామ ఏం చూపిస్తాడు? ఇరవై మూటల వంకా చూస్తూ నిలబడ్డాడు.

గుమాస్తా కోపిష్టి కాదు. అదే నాకు ఎక్కువ బాధ. "ఆ ఆరే విడిగా తెచ్చి ఉంటే కళ్ళు మూసుకుని తీసుకునేవాణ్ణి," అన్నాడు. ఆఫ్రికా దేశం కాయ తొక్కతోనే ఓడెక్కి బూజు లేకుండా దిగుతుందనీ, మన గింజ దిగితే అక్కడి కూలివాళ్ళు ముక్కు మూసుకుంటున్నారనీ, ఇట్లాగే పోతే కొన్నేళ్ళకు ఈ రేవులో వేరుశనగ అడిగేవాడే ఉండడనీ చెప్పాడు. తరవాతి బండిని పిలిచాడు.

తరగరి ఆ దాపుల్లో ఎక్కడా కనిపించలేదు. ఇరవై మూటలూ చక్కువాడికి పోయాయి. వాడిచ్చింది కూలివాళ్ళకూ, బండ్లకూ, గోనెలకూ పోయింది. ఆ వారంలోనే పొలం వేరేవాడికి ఇచ్చేశారని కిరుమాంబాక్కం నుంచి కబురు వచ్చింది. మామ ఆ కబురు తెచ్చినవాడికి మజ్జిగ ఇప్పించి పంపాడు.

తిరుగు దారి

నేను బయల్దేరిన రోజు పొద్దున మామ ఇంట్లో లేడు. కూత కూయకముందే మిల్లు వాకిలి దగ్గర నిలబడితే తీసుకుంటారని ఎవరో చెబితే పోయాడు. యాభై దాటిన మనిషి, నూలు పోగు ఎన్నడూ పట్టనివాడు.

అత్త పులిహోర ఆకులో కట్టి ఇచ్చింది. వేళ్ళకు పేలికలు లేవు. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ నల్లబడి ఉన్నాయి. ఇక ఆగలేకపోయాను.

"అత్తా, తప్పు నాది. కలపమన్నది నేనే," అన్నాను.

"తెలుసు నాయనా," అంది. కోపంగా కాదు, లెక్క అప్పచెబుతున్నట్టు. "నువ్వు చెప్పినావు. ఆయన విన్నాడు. ఒలిచినదాన్ని నేను. నన్ను ఎవురడిగినారు?"

బండికి వేళయిందని తనే నన్ను తొందరపెట్టింది. వీధి మలుపు దాకా వచ్చి, విల్లుపురంలో నీళ్ళు తాగొద్దు, ఉప్పగా ఉంటాయని చెప్పి వెనక్కి పోయింది.

ఊరికి వచ్చాక మునసబు అరుగు మీద అందరూ చేరారు. పురుగు సంగతి చెప్పాను. వాన సంగతి, ఆఫ్రికా కాయ సంగతి, గుమాస్తా అన్న మాటలు అన్నీ చెప్పాను. కలిపిన సంగతి వచ్చేసరికి, "తడివీ పొడివీ కలిపేశారు" అన్నాను. ఎవరు కలిపారని ఎవరూ అడగలేదు. "అదేం తెలివితక్కువ పనయ్యా!" అన్నాడు మునసబు. నేనూ అవునన్నాను. అందరితోపాటు తల కూడా ఊపాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాశాను. ఇది ముందుగా చేరవలసింది ఆదెమ్మత్తకు. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదివి వినిపించేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు.